ఏలూరొచ్చేస్తారటండీ!

శనివారం రాత్రి గచ్చిబౌలి దగ్గర గంటన్నర సేపు ముందు కారు వెనక లైట్లే చూస్తూ కూర్చున్న ప్రతి కోస్తావాడికీ ఒక జ్ఞానోదయం అవుతుంది. "ఛీ, ఇదీ ఒక బతుకేనా? ఊరెళ్ళిపోదాం!" బుద్ధుడికి జన్మకోసారి అయింది, మనవాడికి వారం వారం అవుతుంది. సోమవారం పొద్దున్న మొదటి మీటింగుకల్లా తగ్గిపోతుంది. అలా తగ్గిపోయినంత కాలం ఎవరికీ నష్టం లేదు. ఈమధ్య కొందరికి మంగళవారం దాకా కూడా తగ్గడం లేదు. అదీ చిక్కు.

పెళ్ళాం పిల్లల్తో సహా ఏలూరుకి మారిపోదామా అన్నది ఇప్పుడు కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో నోములా నడుస్తోంది. నోముకి ఓ కథ ఉండాలి గనక దీనికీ ఒకటుంది. జోహో సాఫ్ట్‌వేర్ కంపెనీ శ్రీధర్ వెంబు గారు 2019లో తమిళనాడులో తెన్కాశి దగ్గర పల్లెకి మారిపోయిన కథ. ఆయన పంచె కట్టుకుని సైకిలెక్కిన ఫొటో ప్రతి వాట్సాప్ గుంపులోనూ నెలకోసారి ప్రదక్షిణం చేస్తుంది. కిందనే అక్షింతల్లా చప్పట్ల బొమ్మలు. కథలో ఒక చిన్న విషయం వ్రతులకి పట్టదు. ఆ కంపెనీ పెట్టింది ఆయనే. పల్లెలో కూర్చుని ఆయన ఫోన్ చేస్తే అవతలివాడు లేచి నిలబడతాడు. మనవాడు ఏలూరు పవర్‌పేటలో మేడ మీద కూర్చుంటే మేనేజరు "కెమెరా ఆన్ చెయ్" అంటాడు.

సరే, కథ విన్నారు, అక్షింతలు వేసుకున్నారు. అసలు ఏ ఊరికి వస్తున్నారో తెలుసా అంటే, అదీ లేదు. వాళ్ళ మాటల్లో ఏలూరు ఓ పల్లెటూరు. 1866లో మునిసిపాలిటీ అయి, 2005లో కార్పొరేషన్ అయి, 2011 జనాభా లెక్కలకే రెండు లక్షలు దాటిన ఊరు ఇది. ఏలూరువాళ్ళు ఇంటిపన్ను బకాయిల కోసం నోటీసులు అందుకుంటున్న రోజుల్లో మాదాపూర్‌లో మేకలు మేసేవి. తాడేపల్లిగూడెమూ వాళ్ళకి పల్లెటూరే. అక్కడ ఉల్లిపాయల లారీల మధ్య రోడ్డు దాటి చూడమనండి, పల్లె ప్రశాంతత ఎంతుందో అర్థమవుతుంది. అమ్మమ్మగారింట్లో వేసవి సెలవులకి వచ్చి మామిడికాయ ముక్క ఉప్పుకారం అద్దుకుని తిన్న పదేళ్ళ కుర్రాడి కళ్ళతో నలభై అయిదేళ్ళ మనిషి ఇల్లు వెతుకుతున్నాడు. ఆ కుర్రాడు అప్పట్లో కరెంటు బిల్లు కట్టలేదు, నీళ్ళు పట్టలేదు, కాలువలు కట్టేసిన వేసవిలో బిందెలు వరస పెట్టలేదు. అమ్మమ్మ చేసింది అవన్నీ. అందుకే ఊరు అంత బాగుండేది.

ఇక నిర్ణయానికి వద్దాం. నిర్ణయమంటే ఎక్సెల్ షీటు. అదీ కొల్లేటి చాంతాడంత. గాలికి ఇన్ని మార్కులు, నీటికి ఇన్ని, ఇంటర్నెట్‌కి ఇన్ని. విమానాశ్రయం ఎంత దూరం? గన్నవరం గంట లోపే, పచ్చరంగు కొట్టండి. హైవే? ఊరి పక్కనే, పచ్చరంగు. రైలు? హౌరా–చెన్నై లైను మీదే ఉంది ఊరు, మరో పచ్చరంగు. ఒక విశేషం గమనించారా? ఊరికి మార్కులన్నీ ఆ ఊరి నుంచి ఎంత తొందరగా బయటపడొచ్చో చూసి వేస్తున్నారు.

షీటులో ఒక వరసకి 'పేరెంట్స్ సపోర్ట్' అని పేరు. అంటే ఏలూరులో మోకాళ్ళ నొప్పులతో మేడ మెట్లెక్కలేని అమ్మ, షుగరు మాత్రలు పొద్దుటివో రాత్రివో తేల్చుకోలేని నాన్న. వాళ్ళని చూసుకోడానికి మనవాడు వెళ్తున్నాడనుకున్నాను మొదట. తర్వాత అర్థమైంది, ఆ వరస 'లాభాలు' కింద ఉంది. బడి నుంచి వచ్చిన పిల్లలకి అన్నం పెట్టడానికి డెబ్బై రెండేళ్ళ మనిషి సిద్ధంగా ఉందన్నమాట. ఆవిడకి ఎన్ని మార్కులేశాడో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

భార్య ఉద్యోగం 'ఇతరములు'లో ఉంది. ఆవిడది తాడేపల్లిగూడెమే. మాట్లాడకుండా కూరగాయలు తరుగుతూ వింటూ ఉంటుంది. ఆయనకి ఊరంటే కాలవగట్టు, రాత్రి రెండో ఆట సినిమా, బండి మీద పుణుగులు. ఆవిడకి ఊరంటే చీకటి పడ్డాక ఆటో దిగితే ఎదురింటి కిటికీ రెక్క తెరుచుకోవడం. మర్నాడు పొద్దున్నే పాలు పోయించుకునే దగ్గర "రాత్రి ఆలస్యమైనట్టుందమ్మా" అని పిన్నిగారి వరసావిడ ఆరా. ఊరి మనుషుల ఆప్యాయత అని ఆయన షీటులో మార్కులేసింది దీనికే. కోడలిగా ఆ ఆప్యాయతని ఇరవై నాలుగ్గంటలూ మోయాల్సిన మనిషి అభిప్రాయం అడగడానికి షీటులో గడి మిగల్లేదు.

నీళ్ళ సంగతి చూద్దాం. 'స్వచ్ఛమైన గాలి, స్వచ్ఛమైన నీరు' అని ఏ వీడియో చూసినా మొదటి మాట. 2020 డిసెంబరు మొదటి వారంలో ఇదే ఏలూరు వన్‌టౌన్ వీధుల్లో ఉన్నట్టుండి జనం ఫిట్స్ వచ్చి, నోట నురగతో పడిపోయారు. చిన్నపిల్లలు, ఆడవాళ్ళు, కూలిపనికెళ్ళే మగవాళ్ళు. కొద్ది రోజుల్లో ఆస్పత్రికి చేరినవాళ్ళు అయిదొందలు దాటారు. ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయన్నారు. జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందుల వైపు వేలు చూపించింది. ఊళ్ళో చేతనైనవాళ్ళు క్యాను నీళ్ళకి పరిగెత్తారు, చేతకానివాళ్ళు ఆ కుళాయినే తిప్పుకున్నారు. దేశమంతా టీవీల్లో వారం పాటు ఏలూరు పేరు మోగింది. ఆ వారం మాత్రం 'ఊరెళ్ళిపోదాం' అన్నవాడు ఒక్కడూ లేడు.

ఇది చెబితే మనవాడు నవ్వుతాడు. "దానికేముందండీ, సొంత బోరు వేస్తాం, ఆర్వో ప్లాంటు పెడతాం." కరెంటు పోతే? "సోలారు." దోమలు? "ఇంటి చుట్టూ మెష్." కుక్కలు, దొంగలు? "గేటెడ్ కమ్యూనిటీ చూశామండీ, కెమెరాలున్నాయి." రోడ్డు మీద మురుగు? "కారులోనే కదా వెళ్ళేది." మరి ఊరు ఏదయ్యా ఇందులో? ఊరి నీళ్ళు తాగవు, ఊరి కరెంటు మీద ఆధారపడవు, ఊరి రోడ్డు మీద కాలు పెట్టవు. కొండాపూర్‌నే మూట కట్టి ఇక్కడ దించుకుని, గోడ పైనుంచి కొబ్బరిచెట్టు కనిపిస్తే చాలు, పల్లె జీవితం సిద్ధించింది.

అసలు నా గొడవంతా ఇక్కడే ఉంది. బెజవాడ నుంచో బెంగళూరు నుంచో మనుషులు రావడం ఏలూరుకి కొత్తా కాదు, బరువూ కాదు. చదువుకున్నవాళ్ళు, నాలుగు దేశాలు చూసినవాళ్ళు, అధికారికి ఇంగ్లీషులో అర్జీ రాయగలవాళ్ళు వస్తే ఊరికి మంచిదే. ఎప్పుడు మంచిది? వాళ్ళ ఇంటి కుళాయిలోనూ ఆ నీళ్ళే వచ్చినప్పుడు. వాళ్ళ పిల్లవాడూ ఆ వర్షపు నీళ్ళలోంచే బడికి నడిచినప్పుడు. అప్పుడు ఆ ఇంగ్లీషు అర్జీ పక్కింటి ముసలమ్మకి కూడా పనికొస్తుంది. నీకో బోరు, నాకో ప్లాంటు అని ఎవడి బకెట్టు వాడు పట్టుకుపోతే ఇక కార్పొరేషన్‌ని అడిగేదెవరు? అడగడం చేతకానివాళ్ళే కదా మిగిలేది.

అన్నిటికన్నా అందమైన గడి 'కొల్లేరు వ్యూ'. సూర్యోదయం, తామరాకులు, గూడబాతులు, చేతిలో కాఫీ. ఆ వైపు భూముల దళారీ కూడా కాఫీ దగ్గరే మొదలెడతాడు. కాంటూరు, అంటే నేల ఎత్తు చెప్పే గీత, అనే మాట మాత్రం ఎత్తడు. సముద్రమట్టానికి అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. అక్కడ లంక గ్రామాల పేదలకి 1970లలో సర్కారే సొసైటీలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. కొన్నాళ్ళకి బయటి పెట్టుబడిదారు వచ్చి ఆ చెరువుల్ని లీజుకి పట్టాడు, సొసైటీ సభ్యుడు తన చెరువు గట్టు మీదే కాపలా కూలీ అయ్యాడు. తర్వాత గట్లు సరస్సునంతా మింగేశాయి. 2006లో సుప్రీంకోర్టు చెప్పాక ప్రొక్లెయిన్లు వచ్చి ఆ గట్లు తెగ్గొట్టాయి. లీజుదారు సామాను సర్దుకుని వేరే చోట చెరువు తవ్వుకున్నాడు. లంకవాడికి వేరే చోటు లేదు. ఇప్పుడు 'ప్రకృతి ఒడిలో' అంటూ వస్తున్న పెద్దమనిషిని చూసి ఆ లంకవాడు ఎందుకు నవ్వుతాడో, ఈ చరిత్ర తెలిస్తే గాని తెలియదు. డబ్బున్నవాళ్ళు కొల్లేటి మీద ప్రేమతో రావడం అతను ఇదివరకు చూశాడు.

ఇంకో సంగతి. చుట్టూ అన్ని నీళ్ళున్నా ఆ లంకల్లో తాగడానికి నీళ్ళు కొనుక్కోవాలి. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా ఎన్నో మురుగు కాలువలూ అన్నీ వచ్చి కొల్లేట్లో పడతాయి. పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడని ముంచిన వారం రోజులూ టీవీలన్నీ సింగ్‌నగర్‌లోనే ఉన్నాయి. ఆ నీళ్ళు అక్కణ్ణుంచి ఎక్కడికి పోతాయని ఎవరూ అడగలేదు. కొల్లేటికే పోయాయి. బెజవాడలో ఇళ్ళు కడుక్కుంటున్న రోజుల్లో ఇక్కడ లంకలకి దారులు మునిగి, పడవ దొరికినవాడే పక్కూరికి పోగలిగాడు. లేక్ వ్యూ అంటే అదండీ. కొన్నేళ్ళు మీరు సరస్సుని చూస్తారు, ఓ ఏడాది సరస్సే ఇంట్లోకొచ్చి మిమ్మల్ని చూసిపోతుంది.

ఇంతా చేసి షీటు ఎక్కడ బోర్లా పడుతుంది? వరదల దగ్గర కాదు, నీళ్ళ దగ్గర కాదు. బడి దగ్గర. "పిల్లల చదువు ఎలాగండీ?" అన్న ప్రశ్న దగ్గరికి రాగానే మట్టి వాసన, మామిడితోట, మోకాళ్ళనొప్పుల అమ్మ, అందరూ ఒక్కసారి మాయమవుతారు. ఇక్కడి వినోదం చూడండి. కైకలూరు వైపు చేపల చెరువులున్న రైతు తన కొడుకుని ఆరో తరగతికే బెజవాడ పక్క కార్పొరేటు హాస్టల్లో పడేస్తాడు. ఆ కుర్రాడికి బొచ్చెకీ శీలావతికీ తేడా తెలియకుండా పెరగాలని అతని కోరిక. మన హైదరాబాదు నాన్న తన కొడుక్కి బొచ్చెకీ శీలావతికీ తేడా తెలియాలని ఇటు తీసుకొస్తాడు. ఇద్దరి కార్లూ హనుమాన్ జంక్షన్ దగ్గర ఎదురెదురుగా వెళ్ళిపోతాయి. ఆయన వదిలించుకుంటున్నది ఈయనకి కావాలి, ఈయన పారిపోయి వస్తున్నది ఆయనకి కావాలి. నాలుగు మెతుకులు తింటూ మాట్లాడుకుంటే ఇద్దరికీ పెట్రోలు మిగిలేది.

చదువు లేని ఊరా అంటే అదీ కాదు. సర్ సి.ఆర్.రెడ్డి కాలేజీ స్వాతంత్ర్యం కన్నా రెండేళ్ళు పెద్దది. 2015 నుంచి తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది. అందులో సగం సీట్లు బయటి రాష్ట్రాల పిల్లలవే. రాజస్థాన్ పిల్లవాడు, యూపీ పిల్ల గూడెంలో నాలుగేళ్ళుంటారు, మాగాయి అలవాటు చేసుకుంటారు, ఉక్కపోతని తిట్టుకుంటారు, పట్టా పుచ్చుకుని పోతారు. మన పక్కింటి కుర్రాడు అదే నాలుగేళ్ళు చెన్నైలో డొనేషన్ సీటులో ఉంటాడు. 2023లో ఏలూరుకి ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. అయినా గుండె కాస్త పట్టేసినట్టుంటే ఊళ్ళో పెద్దమనుషులు డాక్టరు కన్నా ముందు డ్రైవరుకి ఫోన్ చేస్తారు, "బెజవాడ తియ్యరా" అని.

ఊరివాళ్ళని వదిలేస్తే నాకు పక్షపాతం అంటారు. ఊరు వదిలినవాడు ఊరిని పొగుడుతుంటే, ఊళ్ళో ఉన్నవాడు దాన్ని పొద్దస్తమానం తిడుతుంటాడు. "ఇక్కడేముందండీ మట్టి?" అని అరుగు మీద కూర్చున్న మాస్టారి మొదటి మాట. రెండో మాట "మావాడు డాలస్." కొడుకు నిజంగా ఇంటికొచ్చేస్తానని ఫోన్ చేశాడనుకోండి, ఆయన మొహం చూడాలి. సంతోషం తర్వాత సంగతి, ముందు భయం. లాప్‌టాప్ పట్టుకుని పట్టపగలు ఇంట్లో కనిపించిన కుర్రాడికి ఏలూరులో ఒకే అర్థం ఉంది. "లేఆఫా బాబూ?" అని జాలిగా అడుగుతారు. కాదండీ, ఇంటి నుంచే పని అంటే, "అవునవును, మా తోడల్లుడి కొడుకూ మొదట్లో అలాగే చెప్పాడు" అంటారు. ఇక పెళ్ళి సంబంధాల్లోనైతే చెప్పక్కర్లేదు. హైదరాబాదులో ఇరుకు ఫ్లాటులో అద్దెకున్నవాడికి ఉన్న విలువ ఏలూరులో సొంత మేడలో ఉన్నవాడికి లేదు. అదే జీతం, అదే కంపెనీ, అదే కుర్రాడు. చిరునామా ఒక్కటే తేడా. పిల్ల తల్లి సూటిగా అడుగుతుంది, "మళ్ళీ ఎప్పుడు వెళ్తారు బాబూ?" ఊళ్ళో ఉంటానన్నవాడి కన్నా ఊరొదిలి పోతానన్నవాడే నమ్మదగినవాడు.

ఇదంతా ఇలా ఉండగా, ఏ చర్చా లేకుండా కుటుంబాలు మారుతూనే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు పుట్టాయి. పశ్చిమగోదావరి పేరు పట్టుకుని కలెక్టరేటు భీమవరం పోయింది, ఏలూరు తన పేరుతో తానే ఓ జిల్లా అయింది. ఉద్యోగులు బీరువాలతో పాటు బదిలీ అయ్యారు. నిన్నటిదాకా ఏలూరు కలెక్టరేటు మెట్లెక్కిన తాడేపల్లిగూడెం వాళ్ళు ఇవాళ భీమవరం బస్సెక్కుతున్నారు. కైకలూరు, నూజివీడు వాళ్ళయితే గడప దాటకుండా, గిన్నె కదపకుండా, కృష్ణా జిల్లాలో పడుకుని ఏలూరు జిల్లాలో నిద్ర లేచారు. ఏ షీటులోనూ వాళ్ళకి మార్కులు లేవు.

గూడెం మిల్లుల్లోనూ చేపల ప్యాకింగ్ షెడ్లలోనూ బిహారు, ఒడిశా, బెంగాలు కుర్రాళ్ళున్నారు. కొందరు పెళ్ళాల్నీ పిల్లల్నీ తెచ్చుకున్నారు. ఆ పిల్లలు మునిసిపల్ బడిలో కూర్చుని మన అక్షరాలు దిద్దుతున్నారు. నర్సులు వస్తున్నారు, రైల్వేవాళ్ళు వస్తున్నారు, టీచర్లు కౌన్సెలింగులో దొరికిన ఊరికి పెట్టె సర్దుకుని పోతున్నారు. వీళ్ళెవరూ 'మూలాల్లోకి ప్రయాణం' అని వీడియో తియ్యలేదు. వీళ్ళని ఎవరూ ఇంటర్వ్యూ చెయ్యలేదు. చిన్న ఊరికి రావడం ధైర్యమని వీళ్ళకి చెప్పినవాళ్ళే లేరు.

మన షీటు ధైర్యవంతుడి విషయానికే వస్తే, నేనిచ్చిన సలహా ఆయనకి నచ్చలేదు. బాబూ, స్థలం కొనకు, అద్దెకి దిగు. జనవరిలో కాదు, జనవరిలో ఏ ఊరైనా ముద్దుగానే ఉంటుంది. మే నెలలో దిగు. ఉక్కపోతలో ఒక నెల, ముసురులో రెండు నెలలు ఉండు. బోరు వెయ్యకు. కుర్రాణ్ణి ఆటోలో బడికి పంపు. ఆవిడ 'సరే' అన్నాక కాదు, ఆవిడే 'పద' అన్నాక బయల్దేరు. వచ్చాక మొదటి పనిగా ఓటు ఇక్కడికి మార్చుకో. ఈ చివరి మాట దగ్గర ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఓటెందుకండీ? అది హైదరాబాదులోనే ఉండనిద్దాం, రేపు ఏమవుతుందో ఏమో!"

పవర్‌పేటలో ఆయన మెచ్చిన ఇల్లు ఒకటుండేది. రెండు గదులు, పెరట్లో బావి, ముందు గన్నేరు చెట్టు. మూడుసార్లు వచ్చి ఫొటోలు తీసుకున్నాడు, ఇంటివాళ్ళతో టీ తాగాడు, ఎండ ఏ గదిలో ఎన్ని గంటలు పడుతుందో రాసుకున్నాడు. షీటులో కొత్త పేజీ తెరిచాడు. ఆ పేజీ పూర్తి కాకముందే బొబ్బిలి నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు గుమాస్తా గారు ఓ మంగళవారం వ్యాన్‌లో సామాను దింపేశాడు. ఇల్లు కూడా సరిగా చూళ్ళేదట, స్టేషన్‌కి దగ్గర అన్నారు, చాలన్నాడట. శుక్రవారానికల్లా వాళ్ళావిడ వార్డు సచివాలయంలో నిలబడి, కుళాయిలో రంగు నీళ్ళొస్తున్నాయని గాజు సీసాలో పట్టి తెచ్చి మరీ బల్ల మీద పెట్టి, రసీదు ఇస్తే గాని కదలనంటోంది.